కెనడాలో పసిబిడ్డను ఎవరికి చూపించాలి: ఫ్యామిలీ డాక్టరా, పిల్లల డాక్టరా, మిడ్‌వైఫా?

పురుడు వచ్చిన మర్నాడు ఉదయం, ఇంటికి పంపే కాగితాలు పట్టుకుని నర్సు మా గదిలోకి వచ్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "బిడ్డను ఏ డాక్టరుకు చూపిస్తున్నారు?" ఆ గడిలో రాయడానికి మా దగ్గర ఏ పేరూ లేదు. మేము హైదరాబాద్ నుంచి ఒంటారియోలోని బ్రాంప్టన్‌కు వచ్చి అప్పటికి రెండు నెలలు. ఏడో నెలలో వచ్చాను. ప్రసవం చేసే డాక్టరు దొరికితే చాలు, పిల్లల డాక్టరు సంగతి పుట్టాక చూసుకోవచ్చు అనుకున్నాం. "రెండు రోజుల్లోపు ఎవరికైనా చూపించండి" అని నర్సు ఆ గడిని ఖాళీగానే వదిలేసింది. కాన్పు అయిన ఇరవై నాలుగు గంటలకు పాపను కారు సీటులో కూర్చోబెట్టుకుని మంచులో ఇంటికి వచ్చాం.

రెండో బిడ్డ కూడా ఇక్కడే పుట్టాడు. అప్పుడు ఏడో నెల నిండకముందే ఆ గడిలో రాయాల్సిన పేరు సిద్ధంగా ఉంది. ఈ రెండు కాన్పుల మధ్య నేను నేర్చుకున్నదంతా కొత్తగా వచ్చే మన వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: వెతకాల్సింది పెద్ద పేరున్న నిపుణుడిని కాదు. బిడ్డను మొదటి వారంలోనే చూసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చూస్తూ ఉండే మనిషిని. ఈ రెండు పనులూ ఒకరే చేస్తే మంచిది. కుదరకపోతే మొదటి వారానికి ఒకరిని, తర్వాతి కాలానికి మరొకరిని పెట్టుకోవచ్చు. కానీ ఇద్దరినీ బిడ్డ పుట్టకముందే చూసుకోవాలి.

మన ఊళ్లో దారి వేరు

విజయవాడలోనో వరంగల్‌లోనో బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే సాయంత్రం నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తాం. చీటీ తీసుకుని కూర్చుంటే గంటలో పని అయిపోతుంది. ఒకరు నచ్చకపోతే ఎదురు వీధిలో ఇంకొకరు ఉంటారు. కెనడాలో పిల్లల డాక్టరును ప్రధానంగా నిపుణుడిగానే చూస్తారు. మామూలుగా ఇంకో డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో (వైద్యం చేసే అధికారం ఉన్న నర్సు) రెఫరల్, అంటే ఈ బిడ్డను చూడమని చీటీ, రాసి పంపితేనే వాళ్లు చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ బరువు, టీకాలు, ఎదుగుదల చూసే పని ఇక్కడ ఫ్యామిలీ డాక్టరుది.

ఇది తెలియక మన వాళ్లు చాలామంది మొదటి నెలంతా పిల్లల డాక్టరు కోసం ఫోన్లు చేస్తూనే గడుపుతారు. మా ఆయన ఒక్క మధ్యాహ్నంలో పదకొండు చోట్లకు ఫోన్ చేశారు. ప్రతి చోటా ఒకటే జవాబు: రెఫరల్ ఉందా? రెఫరల్ రాయాల్సిన డాక్టరే మాకు లేరు.

మొదటి వారం ఎందుకంత ముఖ్యం

పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం సహజం. పుట్టిన బరువులో పది శాతం దాకా తగ్గితే డాక్టర్లు జాగ్రత్తగా గమనిస్తారు. అది దాటితే పాలు సరిపోతున్నాయా అని గట్టిగా చూస్తారు. సుమారు రెండు వారాలకల్లా పుట్టిననాటి బరువుకు తిరిగి రావాలి. రెండోది కామెర్లు. మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య రక్తంలో కామెర్లు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం బాగా పెరుగుతుంది. తెల్లని ఒంటి మీద పసుపు రంగు తొందరగా కనిపిస్తుంది, మన పిల్లల ఒంటి మీద అంత తేలిగ్గా తెలియదు. అందుకే కంటితో చూసి "బాగానే ఉన్నాడు" అనేవారు చాలరు, పరికరంతోనో రక్త పరీక్షతోనో కొలిచేవారు కావాలి.

మా పాప పుట్టినప్పుడు 3.1 కిలోలు. అయిదో రోజు రోజంతా నిద్రపోతూనే ఉంది, పాలకు లేవడం లేదు. ముందుగా తేదీ తీసుకోకుండా వెళ్లగలిగే, దగ్గర్లోని ఒక వాకిన్ క్లినిక్‌కు తీసుకెళ్లాం. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు మంచివారే, ఓపికగా విన్నారు. కానీ ఆ గదిలో పెద్దవాళ్లు నిలబడి తూగే త్రాసు తప్ప పసిపిల్లలను పడుకోబెట్టి తూచేది లేదు. నన్ను బిడ్డతో కలిపి ఒకసారి, విడిగా ఒకసారి తూచి తీసివేశారు. ఆ లెక్కలో రెండు మూడు వందల గ్రాముల తేడా ఎటైనా రావచ్చు. మాకు తెలియాల్సింది సరిగ్గా ఆ రెండు మూడు వందల గ్రాముల సంగతే.

మర్నాడు, ఇరుగుపొరుగు చెబితే ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ పాప బట్టలు, డైపరు అన్నీ విప్పించింది. త్రాసు మీద కాగితం పరిచి, చల్లగా తగలకుండా తన అరచేయి కాసేపు దాని మీద ఉంచి, అప్పుడు పడుకోబెట్టింది. 2.8 కిలోలు. పది శాతానికి అంచున ఉన్నాం. మడమ నుంచి రక్తం తీసి బిలిరుబిన్ పరీక్షకు పంపింది. నా పక్కన కూర్చుని పాపను రొమ్ముకు ఎలా పట్టించాలో చూపించింది, రెండు గంటలకోసారి లేపి మరీ పట్టమంది. రెండు రోజుల తర్వాత మళ్లీ రమ్మని తేదీ రాసి ఇచ్చింది. అప్పటికి 2.87. పెరిగింది డెబ్బై గ్రాములే అయినా ఆ రాత్రి ఇంట్లో అందరం నిద్రపోయాం.

డాక్టరును ఎంచుకునేటప్పుడు నేను ఇప్పటికీ మొదట అడిగేది ఇదే: పసిపిల్లల త్రాసు ఉందా, రెండు రోజుల్లో మళ్లీ రానిస్తారా?

ఫ్యామిలీ డాక్టరా, పిల్లల డాక్టరా?

పిల్లల డాక్టరు నాలుగేళ్లు పిల్లల వైద్యంలోనే శిక్షణ పొంది ఉంటారు. ఫ్యామిలీ డాక్టరు రెండేళ్ల శిక్షణలో పెద్దలు, పిల్లలు, గర్భిణులు అందరినీ చూడడం నేర్చుకుంటారు. ఈ లెక్క విన్న మన పెద్దవాళ్లు వెంటనే "అయితే పిల్లల డాక్టరే నయం" అంటారు. మా అత్తగారూ అదే అన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, గుండెలో చప్పుడు తేడాగా వినిపించిన బిడ్డకు, బరువు పెరగక ఇబ్బంది పడే బిడ్డకు అది నిజమే. అలాంటి బిడ్డలకు ఆసుపత్రి వాళ్లే ఇంటికి పంపేముందు పిల్లల డాక్టరు దగ్గర తేదీ తీసి ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి.

నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు మాత్రం నా ఓటు ఫ్యామిలీ డాక్టరుకే. ఇద్దరూ చూసేది దాదాపు అదే చీటీ ప్రకారం. కెనడాలో చాలామంది డాక్టర్లు రూర్క్ బేబీ రికార్డ్ అనే పత్రం ముందు పెట్టుకుని బిడ్డను చూస్తారు. మొదటి వారం, రెండో వారం, ఆపైన రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది నెలలకు ఏం కొలవాలో, తల్లిదండ్రులను ఏం అడగాలో అందులో వరుసగా ఉంటుంది. పిల్లల డాక్టరు అవసరం పడితే రెఫరల్ రాసేదీ ఫ్యామిలీ డాక్టరే.

అంతకన్నా పెద్ద కారణం బాలింత. పిల్లల డాక్టరు బిడ్డను చూస్తారు, తల్లిని ఇంకెవరో చూడాలి. కొత్త దేశంలో, చలికాలంలో, నాలుగు గోడల మధ్య, పక్కన అమ్మ లేకుండా బాలింత రోజులు గడపడం మామూలు విషయం కాదు. మా పాప రెండో నెల టీకాలకు వెళ్లినప్పుడు, అప్పటికి దొరికిన ఫ్యామిలీ డాక్టరు పాపను చూశాక నా వైపు తిరిగి, "నువ్వెలా ఉన్నావు, రాత్రుళ్లు నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా?" అని అడిగింది. పది ప్రశ్నలున్న కాగితం ఇచ్చి నింపమంది. అలా అడిగిన మొదటి మనిషి ఆమె. తల్లీబిడ్డల ఫైలు ఒకే చోట ఉంటే తల్లి పాలు తగ్గడానికీ, బిడ్డ బరువు ఆగడానికీ, తల్లి మనసు కుంగడానికీ ఉన్న సంబంధం ఒకరి కంటికైనా పడుతుంది.

ఇంకో తేడా కాలానికి సంబంధించింది. పిల్లల డాక్టరు దగ్గర పద్దెనిమిదో ఏట ఫైలు మూసేస్తారు. రెఫరల్ మీద ఏదో ఒక సమస్యకే చూసినవారైతే, అది తగ్గాక తిరిగి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికే పంపిస్తారు. టొరంటో చుట్టుపక్కల కొందరు పిల్లల డాక్టర్లు ఆరోగ్యమైన పిల్లలనూ మామూలుగా చూస్తారు. మీ ఇంటి దగ్గర అలాంటివారు దొరికి, మీకు ఫ్యామిలీ డాక్టరు దొరకకపోతే సంతోషంగా చేరండి. కానీ ఫ్యామిలీ డాక్టరు కోసం వెతకడం మాత్రం ఆపవద్దు.

మిడ్‌వైఫ్: మంత్రసాని అనుకుని దాటేయకండి

ఈ మాట వినగానే మన ఇళ్లలో పాతకాలపు మంత్రసాని గుర్తొస్తుంది, భయం వేస్తుంది. ఒంటారియోలో మిడ్‌వైఫ్ అంటే విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు చదివి, డాక్టర్లలాగే తమ వృత్తి మండలి దగ్గర నమోదైనవారు. ఈ వృత్తి 1994 నుంచి ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో భాగం. కాన్పు ఆసుపత్రిలోనే చేయించుకోవచ్చు. మధ్యలో ఏదైనా తేడా వస్తే ప్రసవ వైద్య నిపుణులకు అప్పగిస్తారు.

పసిబిడ్డ డాక్టరు గురించి మాట్లాడుతూ మిడ్‌వైఫ్ గురించి చెప్పడానికి కారణం ఉంది. ఒంటారియోలో వాళ్లు పుట్టాక ఆరు వారాల దాకా తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ చూస్తారు. మొదటి వారంలో రెండు మూడు సార్లు ఇంటికే వస్తారు. రెండో కాన్పుకు నేను ఇదే దారి ఎంచుకున్నాను. బాబు పుట్టిన మర్నాడు ఆమె మా ఇంటి తలుపు తట్టి, బూట్ల మంచు దులుపుకుని, సంచిలోంచి ఊయల లాంటి గుడ్డ కట్టిన చిన్న త్రాసు తీసింది. మా అత్తగారు పక్కనే నిలబడి చూస్తూ, "మన ఊళ్లో ఎఎన్ఎం వచ్చినట్టే వచ్చిందే" అన్నారు. అర్ధరాత్రి అనుమానం వస్తే చేయడానికి నంబరు కూడా ఉంది.

ఒంటారియోలో నివాసం ఉన్నవారికి ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు లేకపోయినా మిడ్‌వైఫ్ సేవకు డబ్బు కట్టనక్కర్లేదు. వీసా చిక్కుల్లో ఉన్న కుటుంబాలకు ఇది పెద్ద అండ. అయితే ఆసుపత్రి ఖర్చుల సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి. ఇక చిక్కల్లా చోటు దొరకడమే. గర్భం అని తెలిసిన వారంలోనే ఫోన్ చేసి పేరు రాయించుకోవాలి. బీపీ, షుగరు, కవలలు వంటివి ఉంటే వాళ్లు తీసుకోకపోవచ్చు. నాలా ఏడో నెలలో దిగేవారికి దొరకడం కష్టమే, అయినా ఒకసారి అడగండి. ఆరు వారాల తర్వాత వారి బాధ్యత ముగుస్తుంది కనుక ఫ్యామిలీ డాక్టరు వెతుకులాట ఎలాగూ తప్పదు. కాకపోతే ఆరు వారాల ఊపిరి దొరుకుతుంది.

నర్స్ ప్రాక్టీషనర్లు, హెల్త్ సెంటర్లు, వాకిన్ క్లినిక్‌లు

నర్స్ అనే మాట చూసి నర్స్ ప్రాక్టీషనర్‌ను తక్కువగా అనుకోవద్దు. వాళ్లు జబ్బు నిర్ధారిస్తారు, మందులు రాస్తారు, పరీక్షలకు పంపుతారు, నిపుణులకు రెఫరల్ ఇస్తారు. ఒంటారియోలో వాళ్లే నడిపే క్లినిక్‌లు 2007లో సడ్బరీలో మొదలయ్యాయి. ఒక్కో రోగితో డాక్టరు కన్నా కాస్త ఎక్కువ సేపు మాట్లాడడం నేను చూశాను. ప్రభుత్వ నిధులతో నడిచే చోట రుసుము ఉండదు. ఏడాదికింత అని చందా అడిగితే అది ప్రైవేటు క్లినిక్ అని అర్థం, ఆలోచించి చేరండి.

కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్లు, సోషల్ వర్కర్లు ఒకే కప్పు కింద ఉంటారు. ఓహిప్ లేనివారినీ చూస్తారు. ఒక్కో సెంటరుకు ఒక్కో ప్రాంతం హద్దుగా ఉంటుంది. ఇంటి పిన్‌కోడ్ చెప్పి అడగాలి.

వాకిన్ క్లినిక్ అవసరం లేదని చెప్పను. ఒంటి మీద దద్దురు, కంట్లో పుసి, నోట్లో తెల్లపూత వంటి వాటికి అది సరిపోతుంది. బిడ్డ ఎదుగుదల చూడడానికి మాత్రం పనికిరాదు. ఈ రోజు చూసిన డాక్టరు వచ్చే వారం ఉండరు. పోయినసారి బరువెంతో మనమే చెప్పాలి. వీడియో కాల్ డాక్టర్ల సంగతీ అంతే, బిడ్డను తెర మీద తూచలేరు.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఒంటారియోలో ఫ్యామిలీ డాక్టరు దగ్గర చేరినప్పుడు ఒక నమోదు పత్రం మీద సంతకం చేయిస్తారు. డాక్టర్లు బృందంగా పనిచేసే కొన్ని పద్ధతుల్లో, అలా చేరినవారు మామూలు జలుబుకు బయటి వాకిన్ క్లినిక్‌కు వెళ్తే వారి డాక్టరుకు అందాల్సిన మొత్తంలో కోత పడవచ్చు. పదేపదే వెళ్తే "మీరు ఇక్కడే రావాలి" అని ఉత్తరం వస్తుంది, పేరు తీసేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని చేరేరోజే సాయంత్రాలు, శనివారాలు చూసే క్లినిక్ ఆ బృందానికి ఉందా, ఎక్కడ, ఏ నంబరు అని అడిగి రాసుకోండి. అత్యవసర విభాగానికి వెళ్తే ఈ కోత ఉండదు, ఆ భయంతో అక్కడికి వెళ్లడం మానుకోవద్దు.

ఎలా వెతకాలి: ఒంటారియోలో మేము చేసింది

ముందు మీకు ఇప్పటికే ఉన్న మనుషులను అడగండి. భార్యాభర్తల్లో ఒకరికి ఫ్యామిలీ డాక్టరు ఉంటే, కొత్త రోగులను తీసుకోవడం ఆపినవారు కూడా తమ రోగి ఇంట్లో పుట్టిన బిడ్డను తరచుగా తీసుకుంటారు. ఆరో నెలలోనే అడగాలి. మీకు ప్రసవం చేసే డాక్టరునూ అడగండి, పసిపిల్లలను చూసే డాక్టర్లు ఎవరెవరో వాళ్లకు తెలిసి ఉంటుంది. మా రెండో డాక్టరు అలాగే దొరికింది.

దానితో పాటే హెల్త్ కేర్ కనెక్ట్‌లో పేరు నమోదు చేయండి. డాక్టరు లేనివారికి డాక్టరును చూపించే ఒంటారియో ప్రభుత్వ జాబితా అది. అవసరం ఎక్కువ ఉన్నవారికి ముందు చోటు ఇస్తారు కనుక గర్భంతో ఉన్న సంగతి, నెలల బిడ్డ ఉన్న సంగతి తప్పకుండా చెప్పాలి. 2029 నాటికి రాష్ట్రంలో అందరికీ ఫ్యామిలీ డాక్టరో అలాంటి బృందమో ఉండాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది, కేంద్రంలో ఆరోగ్య మంత్రిగా చేసిన జేన్ ఫిల్పాట్‌కు 2024లో ఆ పని అప్పగించింది. మీ బిడ్డ అప్పటి దాకా ఆగడు కనుక పేరు రాయించి చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఒంటారియో వైద్య మండలి వెబ్‌సైటులో ఊరిని బట్టి, డాక్టరు మాట్లాడే భాషను బట్టి వెతకవచ్చు. కొత్తగా తెరిచిన క్లినిక్‌లకు నేరుగా నడిచి వెళ్లి అడగండి. ఫోనులో కాదన్నచోట ఎదురుగా నిలబడితే ఫారం ఇచ్చిన సందర్భం మాకే ఎదురైంది.

తెలుగు డాక్టరు కోసం గంట దూరం వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. తల్లికి ఇంగ్లిషులో తన బాధ చెప్పుకోగల శక్తి ఉంటే దగ్గరి డాక్టరే మేలు. మొదటి ఏడాదిలోనే ఏడెనిమిది సార్లు వెళ్లాలి, అందులో సగం మంచు కురిసే రోజులు కావచ్చు. మైనస్ పదిహేనులో కారు సీటు మోసుకుంటూ బస్సు మారడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. తల్లికి ఇంగ్లిషు రాకపోతే మాత్రం దూరమైనా భాష తెలిసినవారి దగ్గరికే వెళ్లండి, లేదా అనువాదకురాలిని ఏర్పాటు చేసే సెంటరు చూడండి. భర్త పక్కన కూర్చుని అనువదిస్తుంటే భార్య చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి.

వేరే రాష్ట్రాల్లో దిగేవారికి

ఇక్కడ ఆరోగ్య బీమా రాష్ట్రాల చేతుల్లో ఉంటుంది. ఒంటారియో మూడు నెలల నిరీక్షణను 2020లో ఎత్తేసింది, అర్హత ఉంటే వచ్చిన రోజు నుంచే ఓహిప్ వర్తిస్తుంది. బ్రిటిష్ కొలంబియాలో మీరు దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన మరో రెండు నెలలు ఆగాలి. జూలై 20న దిగితే అక్టోబరు 1 నుంచి ఆ రాష్ట్ర ఆరోగ్య బీమా అయిన ఎంఎస్‌పీ మొదలవుతుంది. మా వదిన సర్రేలో దిగినప్పుడు ఈ మధ్యకాలానికి ప్రైవేటు బీమా తీసుకుంది. అలాంటి బీమా తీసుకునేటప్పుడు పుట్టబోయే బిడ్డకు పుట్టిన క్షణం నుంచి వర్తిస్తుందా అన్న వాక్యం వెతికి చదవండి. అక్కడ డాక్టరు కోసం హెల్త్ కనెక్ట్ రిజిస్ట్రీలో పేరు ఇవ్వాలి.

అల్బెర్టాలో పసిపిల్లల టీకాలు డాక్టరు దగ్గర కాదు, పబ్లిక్ హెల్త్ నర్సుల దగ్గర వేయించాలి. ఇంటికి వెళ్లిన కొత్తలో ఆ నర్సులే తల్లిని పలకరిస్తారు కనుక డాక్టరు దొరకకపోయినా టీకాలు ఆగవు. క్యూబెక్‌లో సీఎల్ఎస్‌సీ అనే స్థానిక కేంద్రాల నర్సులు పుట్టిన కొద్ది రోజులకే ఇంటికి వస్తారు, టీకాలూ అక్కడే. నిరీక్షణ కాలంలో ఉన్నా గర్భానికి, కాన్పుకు సంబంధించిన వైద్యానికి అక్కడ బీమా వర్తిస్తుంది. డాక్టరు కోసం గామ్ఫ్ అనే జాబితాలో చేరాలి. ఒంటారియోలో పబ్లిక్ హెల్త్ నర్సు ఫోన్ చేయాలంటే ఆసుపత్రిలో హెల్దీ బేబీస్ హెల్దీ చిల్డ్రన్ పత్రం మీద ఒప్పుకున్నట్టు సంతకం చేయాలి. కొత్తవాళ్లం, ఎందుకొచ్చిన గొడవ అని మేము మొదటిసారి వద్దన్నాం. రెండోసారి సంతకం చేశాం, ఆ ఫోను వల్ల మేలే జరిగింది.

మన దేశంలో పుట్టిన బిడ్డతో వచ్చేవారికి

టీకాల కార్డును ప్రాణంలా దాచుకోండి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మన దగ్గర పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగతావి. ఇక్కడ రెండు, నాలుగు, ఆరు నెలల లెక్క. బీసీజీ అందరికీ వేయరు, కనుక బిడ్డ భుజం మీది మచ్చ ఏమిటని అడిగితే చెప్పండి. ఒంటారియోలో హెపటైటిస్ బి టీకా బడిలో ఏడో తరగతిలో వేస్తారు. మన దగ్గర మొదలుపెట్టి సగంలో ఉంటే మిగతా మోతాదులు ఎలా పూర్తి చేయాలో మొదటి భేటీలోనే అడగాలి. రోటావైరస్ చుక్కల మొదటి మోతాదు పదిహేను వారాలు నిండేలోపే మొదలవ్వాలి, ఆ తర్వాత మొదలుపెట్టరు. డాక్టరు దొరకలేదని ఆగితే పోయే టీకా ఇదొక్కటి, కాబట్టి మీ ప్రాంత పబ్లిక్ హెల్త్ యూనిట్‌కు ఫోన్ చేసి టీకా ఎక్కడ వేస్తారో కనుక్కోండి.

ఇక్కడ పుట్టిన బిడ్డను అన్నప్రాసనకో తాతయ్య, అమ్మమ్మలకు చూపించడానికో ఏడాదిలోపు ఊరు తీసుకెళ్లేవారు ఆరు వారాల ముందే డాక్టరును కలవండి. మామూలుగా ఏడాది నిండాక వేసే తట్టు టీకాను ప్రయాణం ఉన్న బిడ్డకు ఆరు నెలలు దాటితే ముందే ఒక మోతాదు వేస్తారు. ఏడాది తర్వాత వేయాల్సిన రెండూ మళ్లీ మామూలుగానే వేయాలి. కెనడాలోనూ తట్టు మళ్లీ తలెత్తింది, ఆ జబ్బును నిర్మూలించిన దేశమన్న గుర్తింపును 2025 నవంబరులో కోల్పోయింది.

మొదటిసారి వెళ్లినప్పుడు

బిడ్డ ఒంటారియోలో పుడితే ఆసుపత్రిలోనే, లేదా మిడ్‌వైఫ్ దగ్గరే ఓహిప్ ఫారం నింపిస్తారు. అసలు కార్డు పోస్టులో వచ్చేదాకా దాని చివర చింపి ఇచ్చే చీటీ మీది పది అంకెల నంబరే ఆధారం. ఆ చీటీ, ఆసుపత్రి ఇచ్చిన కాగితాలు, పుట్టిననాటి బరువు, ఇంటికి వచ్చిననాటి బరువు, రోజుకు ఎన్ని తడి డైపర్లో రాసిన కాగితం పట్టుకెళ్లండి.

బట్టలు విప్పినప్పుడు నడుం కింద, పిరుదుల మీద నీలిరంగు మచ్చలుంటే డాక్టరుకు చూపించి ఫైలులో రాయించండి. మన పిల్లల్లో అవి చాలా మామూలు, పెరిగేకొద్దీ పోతాయి. ఇక్కడ వాటిని ఎరగనివారు దెబ్బల మచ్చలని పొరబడితే అనవసరమైన విచారణ దాకా వెళ్తుంది. మొదటి రోజే ఫైలులో రాసి ఉంటే ఏ డే కేర్‌లోనైనా ఒక్క మాటతో తేలిపోతుంది.

ఇంట్లో చేసేవన్నీ దాచకుండా చెప్పండి. నువ్వుల నూనె మర్దన, సాంబ్రాణి పొగ, వస అరగదీసి నాలుకకు రాయడం, కాటుక, తేనె చుక్క. మా డాక్టరు కసరకుండా అన్నీ వింది. నూనె మర్దన చేసుకోండి, బిడ్డకు చలి తగలకుండా చూసుకోండి అంది. పొగ వద్దంది. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని, ఏడాదిలోపు బిడ్డకు తేనెతో ప్రాణాపాయమైన బాట్యులిజం రావచ్చని మా అత్తగారికి నేరుగా, నెమ్మదిగా వివరించింది. తల్లిపాలు తాగే బిడ్డకు రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంది. ఎండలో కాసేపు పడుకోబెడితే సరిపోదా అని అత్తగారు అడిగితే, జనవరిలో బ్రాంప్టన్ ఎండ చాలదని కిటికీ వైపు చూపించింది. పెద్దల మాటను గౌరవిస్తూనే వద్దన్నది వద్దని చెప్పే డాక్టరు దొరికితే దూరం ఇంకో పది నిమిషాలైనా వదులుకోకండి.

ఎవరి కోసమూ ఆగకూడని వేళ

మూడు నెలల లోపు బిడ్డకు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ చేరితే, ఆసనంలో పెట్టి చూసిన థర్మామీటరు లెక్కన, మందు వేసి చూద్దామని ఆగవద్దు. డాక్టరు తేదీ కోసమూ ఆగవద్దు. నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. లేపినా లేవకపోవడం, పాలు పూర్తిగా మానేయడం, ఊపిరి కష్టంగా తీయడం, పసుపు రంగు కాళ్ల దాకా పాకడం, ఇవన్నీ అంతే. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లు నీలంగా మారినా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. నాలుగైదు రోజులు దాటిన బిడ్డకు రోజుకు ఆరు తడి డైపర్లకన్నా తక్కువైతే ఆ రోజే ఎవరికైనా చూపించాలి. ఆసుపత్రా, రేపటి దాకా ఆగవచ్చా అని సందేహంగా ఉంటే 811కు ఫోన్ చేయండి, ఒంటారియోలోనూ బ్రిటిష్ కొలంబియాలోనూ నర్సు ఏ వేళనైనా మాట్లాడుతుంది. ఇంగ్లిషు ఇబ్బందైతే అనువాదకుల సాయం అడగవచ్చు.

చివరగా, ఇల్లు మారేవారికి. అద్దె తక్కువని బ్రాంప్టన్ నుంచి హామిల్టన్‌కో కిచెనర్‌కో వెళ్లే కుటుంబాలు పాత డాక్టరుకు ముందే చెప్పి పేరు తీయించుకుంటున్నాయి. కొత్త డాక్టరు చేర్చుకుని, మొదటి తేదీ ఇచ్చి, బిడ్డను ఒకసారి చూసేదాకా పాత ఫైలు అలాగే ఉంచండి. టీకాల వివరాలు, ఎదుగుదల పట్టిక నకలు ముందే అడిగి తీసుకోండి. పూర్తి ఫైలు పంపడానికి కొన్ని క్లినిక్‌లు రుసుము అడుగుతాయి, ఈ రెండు కాగితాలు మాత్రం మా క్లినిక్ బల్ల దగ్గరే అచ్చువేసి చేతిలో పెట్టింది.